కొట్టెయ్యని పేరు

"తాతా, ట్రస్టులోంచి నా పేరు తీసెయ్" అన్నాడు ఓరిన్, బంగాళదుంపల గిన్నె నా వైపు జరుపుతూ, ఉప్పందుకో అన్నంత మామూలుగా.

తాత తినడం ఆపలేదు. నోట్లో ఉన్నది నమిలి, మింగి, నీళ్లు తాగి, అప్పుడు తలెత్తాడు.

"ఏ ట్రస్టు?"

"మనకి డజను ట్రస్టులున్నాయా? తుపాకులది."

మాకున్నది ఒకటే, హాల్డెమన్ కుటుంబ ట్రస్టు. పేరు వింటే మేమేదో ఎస్టేట్లున్న వాళ్లమనుకుంటారు గానీ, ఆ ట్రస్టు ఆస్తంతా కలిపి వంటింటి వెనక గదిలో నేలకి బిగించిన ఒక ఇనప బీరువా, అందులో కొన్ని తుపాకులు, తుపాకీ మోత తగ్గించే గొట్టాలు, సైలెన్సర్లు రెండు, అంతే. ఉత్తర పెన్సిల్వేనియాలో మా కార్వర్ లోయలో జింకల వేట మొదలయ్యే రోజు మా చిన్నప్పుడు బడికి కూడా సెలవు. అలాంటి చోట తుపాకులు ఇంటింటికీ ఉంటాయి. ట్రస్టు మాత్రం మాకే ఉండేది, దానికో కథ ఉంది.

తాత తమ్ముడు లైల్ పోయినప్పుడు ఆయన కొడుకులిద్దరూ బీరువా తాళం కోసం శవం ఇంట్లో ఉండగానే కొట్టుకున్నారు. తాళం ఒకడు దాచుకున్నాడు, రెండోవాడు తలుపు పగలగొట్టాడు. కొన్నాళ్లకి తాత ఒక శనివారం సంతలో నడుస్తుంటే, పాత కుక్కర్లకీ క్రిస్మస్ దీపాల దండలకీ మధ్య బల్ల మీద తన తండ్రి రైఫిల్ కనిపించింది, దారంతో ధర చీటీ కట్టి. బేరం కూడా ఆడకుండా కొనుక్కొచ్చేశాడు. సోమవారం పొద్దున్నే లాయరు ఆఫీసు ఇంకా తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాడట.

"ఎవడిదీ కాకుండా చెయ్యండి" అన్నాడట లాయరుతో. "ఎవడిదీ కాకపోతే ఎవడూ అమ్మలేడు."

లాయరు ట్రస్టు రాశాడు. తుపాకులన్నీ ట్రస్టువి, మేమంతా ట్రస్టీలం. సైలెన్సర్ల సంగతి చూసినా అదే మంచిదన్నాడు లాయరు. ఒక మనిషి పేరున రిజిస్టరైన సైలెన్సరు ఆ మనిషి పక్కన లేకుండా ఇంట్లో ఇంకెవరు పట్టుకున్నా కేసే, ట్రస్టు పేరున ఉంటే ట్రస్టీ ఎవరైనా వాడుకోవచ్చు, ఒకరు పోయినా మిగిలినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. తాత మాత్రం పట్టుబట్టి ఇంకో షరతు రాయించాడు. చక్రం తిప్పి బీరువా తెరిచే నంబరు ఏ ట్రస్టీకీ దాచకూడదు, మారిస్తే ప్రతి ఒక్కరికీ చెప్పి తీరాలి. "ఒకడు తాళం దాచుకున్నాడంటే అక్కడే మొదలవుతుంది కుళ్లు" అనేవాడు, ప్రతి నవంబరులోనూ, మేం అడక్కపోయినా.

ఇంట్లో ఎవరికైనా ఇరవై ఒకటి నిండితే, లేదా పెళ్లయి కొత్తగా ఎవరైనా ఇంట్లోకొస్తే, ట్రస్టులో పేరు చేర్చడమే మా ఇంట్లో పండగ. వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి, సిరా పూసి, సర్కారు కాగితాల కోసం పది వేళ్ల ముద్రలు తాతే దగ్గరుండి తీసేవాడు, బొటనవేలు ఎటు దొర్లించాలో చెబుతూ, పక్కన చెర్రీ పళ్లు కూరి కాల్చిన తీపి వంటకం, చెర్రీ 'పై', చల్లారుతూ ఉండేది. మా వదిన కారా పేరు చేర్చిన రోజు ఆవిడ సిరా వేలితో ఓరిన్ ముక్కు మీద చుక్క పెట్టింది. ఆ ఫొటో ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. మొన్న ఫిబ్రవరిలో కారా కేన్సర్‌తో పోయింది, ముప్ఫై కూడా నిండలేదు. లాయరు కాగితం పట్టుకొస్తే తాత ఆమె పేరు మీద ఒక గీత గీసి పక్కన సంతకం పెట్టాడు. ఓరిన్ అక్కడే కూర్చుని ఆ గీతనే చూస్తున్నాడు. ఆ తర్వాత మిగిలింది ముగ్గురం. తాత ఎమరీ, మా అన్న ఓరిన్, నేను లీటా.

అందుకే సెప్టెంబరులో ఆ ఆదివారం ఓరిన్ ఆ మాట అనేసరికి నా చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది.

"ఎందుకు తియ్యాలి?" అన్నాడు తాత.

"ఊరికే."

"ఊరికే పేర్లు తియ్యడానికి అదేమన్నా చర్చి వాళ్ల వంటల జాబితానా? నీకెందుకో చెప్పు."

"నాకా నంబరు వద్దు తాతా. ఆ బీరువా నంబరు నాకు తెలియకూడదు. అంతే."

తాత కుర్చీ వెనక్కి నెట్టాడు. ఆయన ముఖం ఎర్రబడింది, కోపం కాదు, అవమానం. సొంత మనవడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని నేను మీ మనిషిని కానని చెప్పినట్టే విన్నాడాయన.

"ఒరే, ఆ కాగితంలో ఎవరి పేర్లు కొట్టేశామో తెలుసా నీకు? మీ నానమ్మది. మీ నాన్నది. కారాది. చచ్చినోళ్ల పేర్లే కొట్టేశాను ఇంతవరకూ. నువ్వు బతికుండగా నా చేత్తో నీ మీద గీత గీయమంటావా?"

ఓరిన్ ఏదో అనబోయి, నోరు మూసుకున్నాడు. మా ఇంట్లో అంతే. ఏమీ అనకపోతే సరే అన్నట్టు.

తాత లేచి వెనక గదిలోకి వెళ్లాడు. బీరువా చక్రం టకటక తిరగడం వినిపించింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో తన తండ్రి రైఫిల్ ఉంది, సంతలోంచి కొనుక్కొచ్చినది, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వనిది. తెచ్చి ఓరిన్ ఒళ్లో పెట్టాడు.

"ఇది నీ దగ్గరుంచుకో వేట రోజు వరకూ. నూనె రాయి, కర్రకి మైనం పట్టించు. చేతికి పనుంటే మనసు దారికొస్తుంది. నానమ్మ పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఇదే."

అది ఆయన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద బహుమతి. ఓరిన్ దాన్ని రెండు చేతులతో, కాలుతున్న పళ్లెంలా పట్టుకున్నాడు.

"థాంక్స్ తాతా" అన్నాడు.

నేను ఓరిన్ వెంట బయటికి పరిగెత్తాను. వాడు ట్రక్కు తలుపు తెరిచి, సీటు మీద రైఫిల్ పెట్టి, దాని వెనక భాగంలో చేత్తో లాగి తోసే ఇనప బోల్టు ఉంటుంది చూడండి, గుండుని లోపలికి తోసేది, దాన్ని బయటికి లాగేశాడు. అది లేకపోతే రైఫిల్ చేతికర్రతో సమానం. కారా గిన్నెలు తుడుచుకునే గళ్ల గుడ్డ ఒకటి ట్రక్కులో ఉంటే అందులో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇది పిట్స్‌బర్గ్ తీసుకుపో. నీ దగ్గరే ఉంచు, నేనడిగినా ఇవ్వకు."

"ఓరిన్."

"తాతకి చెప్పకు. చిన్నబుచ్చుకుంటాడు."

"ఓరిన్, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

తిన్నగా అడిగేశాను. నేను పిట్స్‌బర్గ్‌లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తాను, నొప్పెక్కడ అని రోజుకి పదిమందిని అడుగుతాను, నాకింకోలా అడగడం రాదు. వాడు నవ్వాడు కూడా.

"నేను చూపించుకునే డాక్టరమ్మ కంటే నువ్వు నయం. ఆవిడకి ఇదే అడగడానికి నెల పట్టింది." సీటు మీద రైఫిల్‌ని అవతలికి తోశాడు. "చావాలని కాదే. ఆ నంబరు తలలో తిరుగుతుంటుంది. రేడియోలో విన్న పనికిమాలిన పాట రోజంతా నోట్లో తిరుగుతుంది చూడు, అలాగ. పళ్లు తోముకుంటున్నా అదే, రంపం పడుతున్నా అదే. డాక్టరమ్మ అంది, తుపాకులకి దూరంగా ఉండు, కొన్నాళ్లే, తర్వాత తేలికవుతుంది అని. అందుకే అడిగా."

"మరి తాతకి ఆ మాటే చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పనే? బీరువా తెరిచి తన ప్రాణాన్నే తెచ్చి నా ఒళ్లో పెట్టాడు ఆయన." ట్రక్కు ఎక్కాడు. "పోవే చిట్టెలుకా, చీకటిపడకుండా హైవే ఎక్కు. జింకలు రోడ్డు మీదకొస్తాయి."

ఆ బోల్టు నా మేజోళ్ల సొరుగులో పెట్టుకున్నాను. రోజూ పొద్దున సొరుగు తెరిచి అది ఉందో లేదో చూసుకునేదాన్ని. కానీ అది ఒక్క రైఫిల్‌దే కదా. బీరువాలో మిగిలినవన్నీ ఉన్నాయి, నంబరు వాడి తలలో ఉంది. బోల్టు ఉన్నా నాకు నిద్రపట్టేది కాదు. అక్టోబరు మధ్యలో ఒక శనివారం ఆగలేక మా ఊరికి పోనిచ్చాను, చెప్పొద్దన్నా చెప్పేద్దామని.

తాత వెనక వసారాలో కట్టెలు పేరుస్తున్నాడు. నేను కూడా రెండు చేతులా కట్టెలందిస్తూ, ముఖం చూడనక్కర్లేదు గనక, మొత్తం చెప్పేశాను. నంబరు పాటలా తిరగడం, డాక్టరమ్మ, బోల్టు, అన్నీ.

తాత చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది.

"నేను రైఫిల్ చేతికిచ్చాను" అన్నాడు చివరికి.

"నీకు తెలీదు కదా తాతా."

"వాడు తియ్యమన్నాడు. నేను రైఫిల్ చేతికిచ్చాను."

"వాడి పేరు తీసెయ్. లాయరుకి ఫోన్ చెయ్యి."

"గీత కొట్టను." మొండిగా అన్నాడు. "నవ్వితే నవ్వుకో. మూడు గీతలు గీశాను, మూడూ శవాల మీదే. నాలుగోది గీస్తే నేనే వాణ్ని పంపించినట్టు. అది నా చేత కాదు అమ్మాయ్."

"అయితే నంబరు మార్చు. పేరు ఉండనీ, నంబరు మాత్రం మార్చెయ్. అదే కదా వాడడిగింది, నంబరు తెలియకూడదని."

తాత ఆలోచించాడు. కట్టె పేర్చి, చేతులు దులుపుకుని, లోపలికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని, బీరువా తలుపు లోపలి వైపు ఉన్న చిన్న పుస్తకం చదువుకుంటూ చక్రం అటూ ఇటూ తిప్పి, తలుపు మూసి, తెరిచి, మళ్లీ మూసి చూసుకున్నాడు. నాకు కొత్త నంబరు చెప్పాడు.

"ఓరిన్ మొదటి జింకని కొట్టిన తారీకు" అన్నాడు. "పన్నెండేళ్లు అప్పుడు. మంచులో నా వెనకాలే నడిచి నా అడుగుల్లోనే అడుగులేశాడు, చప్పుడు కాకుండా."

"బావుంది" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. "ఓరిన్‌కి చెప్పొద్దు తాతా. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

తాత ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఏమీ అనకపోతే సరే అన్నట్టే. అలాగే అనుకుని కారెక్కాను. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి, అక్కడమ్మే జింక మాంసం సాసేజ్ రెండు ముక్కలు కొనుక్కుని, పాటలు పెట్టుకుని, చాలా రోజుల తర్వాత ఆకలిగా తిన్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఓరిన్ ఫోన్ చేశాడు.

"చిట్టెలుకా, అదుందా?"

"బోల్టా? ఉంది. మేజోళ్లలో నిద్రపోతోంది."

"మంచిది."

"ఎందుకడిగావు?"

"ఊరికే. థాంక్స్‌గివింగ్ పండక్కి ఏ 'పై' చేసి తెస్తున్నావు? గుమ్మడికాయదైతే రావొద్దు, రోడ్డు మీదే తినేసెయ్."

"చెర్రీదే తెస్తా లేరా. నువ్వెలా ఉన్నావు?"

"పర్లేదు. చిరిగిపోయిన కారా కోటు కుట్టాను ఇవాళ. ఎవరు తొడుక్కుంటారని కుట్టానో."

"ఓరిన్, ఇంక భయం లేదులేరా" అన్నాను, ఎందుకు లేదో చెప్పకుండా, ఒక రహస్యం దాచుకున్న సంతోషంతో. "అంతా సర్దుకుంటుంది."

"అవునా" అన్నాడు. వెనక వాడు పనిచేసే కలప కోత మిల్లు శబ్దం వినిపిస్తోంది. "సరే, ఉంటా."

థాంక్స్‌గివింగ్‌కి ముందు ఆదివారం మధ్యాహ్నం తాత చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి వెనక గది తలుపు తీసి ఉంది. బీరువా మూసే ఉంది, చక్కగా, పగలగొట్టిన గుర్తు లేకుండా. తెరిచి చూస్తే ఒకటి తక్కువ. కొండ మీద మా వేట గుడిసెకి వెళ్లే మట్టిరోడ్డు మీద ఓరిన్ ట్రక్కు చక్రాల గుర్తులున్నాయి. తాత ఎనభై ఏళ్ల మనిషి, ఆ కొండ నడిచే ఎక్కాడు, ఎందుకంటే కారు తాళంచెవులు ఎక్కడ పెట్టాడో ఆయనకి గుర్తురాలేదు. గుడిసె వసారా మెట్ల మీద కూర్చున్నట్టే ఉన్నాడట ఓరిన్, కారా కోటు భుజాల మీద కప్పుకుని.

ఫోన్ మోగినప్పుడు నేను పండక్కని చెర్రీ పై ఓవెన్లో పెడుతున్నాను.

అంత్యక్రియలకి ఊరు ఊరంతా వచ్చింది. వేటకి పెట్టుకునే నారింజ రంగు టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు మగాళ్లు, పందిమాంసం వంటకాలూ నూడుల్సు ట్రేలూ వంటింటి బల్ల నిండా పెట్టేశారు ఆడవాళ్లు. అంతా వెళ్లిపోయాక తాతా నేనూ ఆ ట్రేల మధ్య కూర్చున్నాం. రోజంతా అడగలేకపోయిన ప్రశ్న అప్పుడు అడిగాను.

"బీరువా పగలగొట్టలేదు తాతా వాడు."

"లేదు."

"నంబరు మార్చాం కదా. వాడికెలా తెలిసింది?"

తాత నా వైపు చూశాడు. ఆ చూపులో దాచుకోవడం లేదు. దాచుకోవడం ఆయనకి తెలిసుంటే ఎంత బావుండేది.

"నేనే చెప్పాను."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు వెళ్లాక ఫోన్ చేశాను. వాడు ఎత్తలేదు, మెషిన్లో మాట చెప్పి పెట్టాను." చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. "రాయించింది నేనే కదమ్మా. మారిస్తే అందరికీ చెప్పి తీరాలని. నీకు చెప్పి వాడికి చెప్పకపోతే వాడి పేరు ఉండీ లేనట్టే. నేనే గీత కొట్టినట్టే కదా అది."

"నేను చెప్పొద్దన్నాను."

"నేను సరేననలేదు."

అవును, అనలేదు. నేనే సరే అనుకున్నాను. మేమిద్దరం ఒకే బల్ల దగ్గర ఒకే ఇంట్లో బతికినవాళ్లం, మాటల్లేని చోట ఎవరికి కావలసింది వాళ్లు విన్నాం. నేను తాతని తిట్టలేదు, లేచి వెళ్లిపోలేదు. ఏం తిట్టను? ఆయన జీవితంలో ఒక్కసారి నియమం తప్పి ఉంటే మా అన్న బతికేవాడు. ఆయన తప్పలేదు.

ఓరిన్ ఫోను పోలీసులు నాకే ఇచ్చారు. నా కోటు జేబులో ఉంది. తీసి, మెసేజీలు తెరిచి, బల్ల మధ్యలో పెట్టాను. తాత గొంతు వచ్చింది, ఫోన్లో ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే ఆ గొంతు.

"ఓరిన్, తాతని. బీరువా నంబరు మార్చాను. నీ మొదటి జింక తారీకు, నీకు తెలుసుగా. నీ మంచికే మార్చమంది లీటా, నీకు చెప్పొద్దంది. అదీ నిజమే కావొచ్చు. కానీ నువ్వు మా మనిషివి, నీకు చెప్పకుండా నేనుండలేను. నీకు బాగోలేదని తెలిసింది. ఆ రోజు నేను తప్పుగా విన్నాను. అంతే. ఆదివారం భోజనానికి రా. సూప్ చేస్తాను."

వాడు ఆ మెసేజీ చెరపలేదు. ఎన్నిసార్లు విన్నాడో తెలియదు. నంబరు కోసం విన్నాడో, తప్పుగా విన్నానన్న ఆ ఒక్క మాట కోసం విన్నాడో, అదీ తెలియదు. నాకు ఫోన్ చేసి బోల్టు ఉందా అని అడిగిన సాయంత్రం ఆ మెసేజీ వచ్చిన తర్వాతే. నంబరు మళ్లీ తలలోకి వచ్చేసింది, వద్దన్నదే మళ్లీ, ఈసారి సొంత చిన్నతనం తారీకుగా. వాడు నాకు ఆ మాటే చెబుదామని చేసుంటాడు. నేను అంతా సర్దుకుంటుందన్నాను.

వేట మొదలయ్యే శనివారం లోయంతా తెల్లవారకముందే తుపాకుల మోతతో నిండిపోయింది. లాయరు తొమ్మిదింటికి వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరే నిలబడి, చాలా బాధగా ఉందన్నాడు. తర్వాత సంచిలోంచి ఆ కాగితం తీశాడు. మాకు తెలిసిన కాగితమే. మూడు గీతలున్నది.

"ఇప్పుడే అక్కర్లేదు ఎమరీ. కానీ ఓరిన్ పేరు తీసేస్తే మంచిది. తర్వాత నీ తదనంతరం లీటా..."

"పెన్ను ఇయ్యి" అన్నాడు తాత.

పెన్ను తీసుకుని, ఓరిన్ పేరు దగ్గర మొన పెట్టాడు. చెయ్యి కదల్లేదు. బయట ఎవరిదో రైఫిల్ పేలింది, ప్రతిధ్వని కొండ ఎక్కి దిగింది. తాత పెన్ను పక్కన పెట్టేశాడు.

"ఈ పేరు మీద గీత కొట్టను. మొత్తం రద్దు చెయ్యి."

"ట్రస్టునా?"

"రాయించినవాణ్ని నేను, నేను బతికున్నంత కాలం రద్దు చెయ్యొచ్చని నువ్వే రాశావు. చెయ్యి. తుపాకులు ఉండవు, ట్రస్టు ఉండదు. పేరు ఉంటుంది."

లాయరు నా వైపు చూశాడు, వారసురాలిని నేనే కదా అని. నేను తలూపాను.

సైలెన్సర్లు పోలీసులకి అప్పగించేశాం. కొండ మీద దొరికిన తుపాకీ ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంది, తిరిగివ్వొద్దని తాత సంతకం పెట్టాడు. మిగిలినవన్నీ పక్కింటి హర్లన్ షెడ్డుకి మోసుకెళ్లాం. హర్లన్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు, ఇనుము కోసే రంపం ఉంది. ఒక్కొక్కటీ బిగించి ముక్కలు చేస్తుంటే ఆయన ఒక్కసారి మాత్రం ఆగాడు, మా ముత్తాత రైఫిల్ చేతికి వచ్చినప్పుడు. ఓరిన్ ఇంట్లో మంచం కింద దొరికిందది. కర్రకి మైనం పట్టించి, అద్దంలా మెరుస్తోంది. తాత చెప్పినట్టే చేశాడు వాడు, పనికిరాని రైఫిల్‌కి, ఎన్ని సాయంత్రాలో కూర్చుని.

"ఎమరీ, ఇదొక్కటైనా గోడకి పెట్టుకో. బోల్టు కూడా లేదు కదా, ఏమవుతుంది?" అన్నాడు హర్లన్.

"బోల్టు ఉంది" అన్నాను. గళ్ల గుడ్డ విప్పాను. తాత దాన్ని తీసుకుని, బొటనవేలితో ఒకసారి తుడిచి, తనే రంపం కింద పెట్టాడు.

"కొయ్యి."

ఇంటికొచ్చాక తాత బీరువా తలుపు బార్లా తెరిచి వదిలేశాడు. ఖాళీ అరల్లో పాత నూనె వాసన తప్ప ఏమీ లేదు. వంటింట్లోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా, గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సరిచేసుకుని అంకెలు నొక్కాడు. ఎవరికి చేస్తున్నాడో నాకు తెలియలేదు, నా జేబులో ఓరిన్ ఫోన్ మోగేదాకా.

తాత విన్నాడు. ఆ మోత వంటింట్లోనే, తన వెనకే ఉంది. అయినా వెనక్కి తిరగలేదు. నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని, ఎత్తకుండా, అది ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత అవతల మా అన్న గొంతు వచ్చి ఉంటుంది, నేను ఓరిన్, ఇప్పుడు లేను, మీ మాట చెప్పి పెట్టండి అని. తాత అది పూర్తిగా విన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఓరిన్, తాతని" అన్నాడు, ఎప్పటిలాగే అరుస్తూ. "బీరువాకి ఇంక నంబరు లేదు. తెరిచే ఉంటుంది. అందరికీ చెప్పాలి కదా, అందుకే చేశాను." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "నువ్వు ఆ రోజు ఒక్క మాట అడిగావు. ఆ పని అయిపోయిందిరా."